మొదటి వరుస మారినప్పుడు

చదరంగం బల్ల ఒకటి ముందు పెట్టుకోండి. బంటులు ఎప్పటిలాగే రెండో వరుసలో ఉండనివ్వండి. వెనక వరుసను మాత్రం నేను చెప్పినట్టు పేర్చండి. తెల్ల పావులకు ఎడమ మూల నుంచి మొదలుపెడితే శకటు, శకటు, మంత్రి, గుర్రం, గుర్రం, ఏనుగు, రాజు, ఏనుగు. నల్ల పావులు వాటికి సరిగ్గా ఎదురెదురుగా. (శకటు అంటే ఏటవాలుగా నడిచే పావు. ఒంటె అని పిలిచే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి.)

తెల్లవారు బి2 బంటును ఒక్క గడి ముందుకు, బి3కి జరిపారు. నల్లవారు అలవాటు కొద్దీ ఈ7 బంటును రెండు గడులు తోసి ఈ5 ఆడారు. చదరంగం నేర్చుకున్న మొదటి వారంలోనే అందరి చేతికీ వచ్చేసే ఎత్తు అది. మామూలు ఆటలో దానికి వంక పెట్టేవారు లేరు. ఇక్కడ మాత్రం ఆ బంటు ఊరికే పోతుంది. బి2 గడి ఖాళీ కావడంతో మూలన ఏ1లో కూర్చున్న శకటుకు దారి తెరుచుకుంది. అది సి3, డి4 మీదుగా సాగి ఈ5 బంటును కొట్టేస్తుంది. ఆ బంటుకు కాపలా ఉన్న పావు ఒక్కటి కూడా లేదు.

నల్లవారికి ఆట రాదనడానికి లేదు. చెయ్యి కన్ను కంటే ముందు కదిలింది, అంతే. ఈ అధ్యాయం ఆ చేతిని ఒక నిమిషం ఆపడం ఎలాగో నేర్చుకోవడానికి.

ఈ ఆటకు మూడు పేర్లున్నాయి. చెస్960, ఫిషర్ రాండమ్, ఈమధ్య వాడుకలోకి వచ్చిన ఫ్రీస్టైల్ చెస్. పేరు ఏదైనా ఆట ఒకటే. పావుల నడక మారదు, గెలుపు ఓటములు మారవు. వెనక వరుస మాత్రం ప్రతి ఆటకూ కొత్తగా చీటీ తీసినట్టు వస్తుంది. రెండే షరతులు: శకటులు రెండూ వేర్వేరు రంగు గడుల్లో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్యలో ఎక్కడో ఒకచోట ఉండాలి. లెక్క మీరే వేసుకోవచ్చు. నల్ల గడుల్లో ఒక శకటుకు నాలుగు చోట్లు, తెల్ల గడుల్లో రెండోదానికి నాలుగు. మిగిలిన ఆరు గడుల్లో మంత్రికి ఆరు చోట్లు. ఆ తరవాత మిగిలే ఐదింటిలో రెండు గుర్రాలను పది రకాలుగా నిలపవచ్చు. చివరికి మూడు గడులే ఉంటాయి. వాటిలో ఏనుగు, రాజు, ఏనుగు తప్ప మరో వరుస కుదరదు. 4 × 4 × 6 × 10, మొత్తం 960. ఈ వరుసలన్నిటికీ నంబర్లిచ్చిన పట్టిక ఒకటుంది; మనం చిన్నప్పటి నుంచి ఆడుతున్న వరుస అందులో 518వ నంబరుది. పైన మీరు పేర్చింది సున్నా నంబరుది.

ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన బాబీ ఫిషర్ 1996 జూన్ 19న బ్యూనస్ ఐరిస్‌లో ఈ ఆటను ప్రకటించాడు. ఆయన బాధ ఒకటే. పెద్ద ఆటగాళ్ల మధ్య ఆట మొదటి పదిహేను ఇరవై ఎత్తులు ఇంట్లో బట్టీపట్టి వచ్చినవే అయిపోతున్నాయి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆలోచించడం ఆలస్యంగా మొదలవుతోంది. మొదటి వరుసనే కలిపేస్తే బట్టీకి చోటుండదు, మొదటి ఎత్తు నుంచే ఆలోచించాలి. అప్పట్లో చాలామంది దీన్ని వింత కింద కొట్టిపారేశారు. 2019లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే గుర్తింపుతో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ నార్వేలో జరిగింది. అక్కడ వెస్లీ సో, మామూలు చదరంగంలో అప్పటి ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్‌ను 13.5–2.5 తేడాతో ఓడించాడు. 2022లో రెక్యావిక్‌లో హికారు నకమురా గెలిచాడు. ఆ రెండు పోటీల అర్హత దశలు ఇంటర్నెట్‌లోనే నడిచాయన్న సంగతి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి మన పట్టణాల పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

మన పట్టణాలకు ఈ ఆట ఎందుకు పనికొస్తుందో కాస్త నిలబడి చెబుతాను.

జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఒక పిల్ల చదరంగం మీద మనసు పడిందనుకుందాం. బడిలో బాగా ఆడుతుంది. జిల్లా పోటీకి పోతుంది. అక్కడ పెద్ద నగరంలో శిక్షణ తీసుకున్న పిల్లవాడు ఎదురవుతాడు. అతనికి సిసిలియన్ ఓపెనింగ్‌లో పద్దెనిమిది ఎత్తులు నోటికి వచ్చు. ఈ పిల్లకు ఆరో ఎత్తు నుంచే సొంత ఆలోచన. పదిహేనో ఎత్తుకు ఆమె గడియారంలో సగం సమయం కరిగిపోయి ఉంటుంది, అతనిది అట్లాగే ఉంటుంది. ఆట ఓడిపోయి ఇంటికొచ్చి ‘నాకు తెలివి చాలదు’ అనుకుంటుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ మాటే. ఆమెకు లేనిది తెలివి కాదు. ఓపెనింగ్ పుస్తకాలు, వాటిని వారం వారం చెప్పించే గురువు, ఆ గురువుకు ఇచ్చే ఫీజు ఆమెకు లేవు. వరుస కలిపేసిన ఆటలో ఆ పద్దెనిమిది ఎత్తులకు విలువ లేదు. మొదటి ఎత్తు దగ్గర ఇద్దరూ ఒకే కొత్తదనం ముందు కూర్చుంటారు. అతను మంచి ఆటగాడైతే అప్పుడూ గెలవవచ్చు. కానీ ఎందుకు గెలిచాడో ఆమెకు బల్ల మీద కనిపిస్తుంది, దాన్ని ఆమె నేర్చుకోగలదు.

అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. పిల్లలకు ఓపెనింగులు బట్టీ పట్టించి ఆ తరవాత ఆలోచించడం నేర్పాలనుకోవడం తలకిందుల పద్ధతి. చూడటం ముందు రావాలి, పేర్లు ఆ తరవాత వాటంతటవే అతుక్కుంటాయి.

మన దగ్గరివాళ్లలో ఈ ఆటలో పైకి వెళ్లినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. హనుమకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్. జగిత్యాలలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరే అది. 2018లో పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చి, జట్టు స్వర్ణంతో పాటు తన బోర్డుకు కూడా స్వర్ణం అందుకున్నాడు. అదే ఏడాది డిసెంబరు రేటింగ్ జాబితాలో 2800 దాటాడు. 2025 జులైలో లాస్ వెగాస్‌లో జరిగిన ఫ్రీస్టైల్ గ్రాండ్ స్లామ్‌లో క్వార్టర్ ఫైనల్లో అబ్దుసత్తరోవ్‌ను ఓడించి సెమీఫైనల్ చేరాడు. ఆ పోటీల పరంపరలో సెమీఫైనల్ దాకా వెళ్లిన మొదటి భారతీయుడు అతనే. అక్కడ లెవాన్ అరోనియన్ చేతిలో ఓడిపోయాడు, ఆ పోటీ గెలిచింది కూడా అరోనియనే. అర్జున్‌కు మంచి శిక్షణ, ఇంటివాళ్ల అండ ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి కథ చెప్పకూడదు. కానీ ఆ బల్ల మీద ఏ రోజు ఏ వరుస వస్తుందో అతనికీ ముందు తెలియదు.

ఇంకొక పేరు కూడా తలుచుకోవాలి, ఇంకా వెనకటి కాలానిది. మీర్ సుల్తాన్ ఖాన్ పంజాబ్ పల్లెలో పుట్టి మన దేశపు పాత పద్ధతి చదరంగం ఆడుతూ పెరిగాడు. ఆ పద్ధతులు ప్రాంతాన్ని బట్టి మారేవి. చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే జరిగేది. క్యాజ్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో చోటు మారడం) ఉండేది కాదు, దాని బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. యూరప్ ఓపెనింగ్ పుస్తకాలతో పెద్దగా పరిచయం లేకుండా ఇంగ్లండ్ వెళ్లి 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. ఆటలు మొదలయ్యే తీరు ఆయనకు కొత్త. నడుమ ఆట, చివరి ఆట ఆయనవి. మీ ఇంట్లో తాతకు ఆ ‘రాజు దూకుడు’ ఆట గుర్తుంటే ఈ కొత్త వరుస ఆటకు ముందుగా ఆయన్నే పిలవండి. ‘ఇట్ల పేరుస్తరా ఎక్కడన్న’ అని ఆయన బెదరకపోవచ్చు.

ఇప్పుడు అసలు పని. కొత్త వరుస తెర మీద పడింది. ఏం చూడాలి?

సిరిసిల్లలో సాంచ (మరమగ్గం) మీద కొత్త భీము (పడుగు నూలు చుట్ట) ఎక్కించినవాళ్లు మోటారు వెంటనే నొక్కరు. పోగులు సరిగా అతుక్కున్నాయా, ఎక్కడైనా వదులుగా ఉందా అని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూపు నడుపుతారు. మీ మొదటి నిమిషం అట్లా గడవాలి.

చూపు బంటుల దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో బంటునూ వేలితో తాకుతూ ‘నీకు కాపలా ఎవరు’ అని అడగండి. మామూలు వరుసలో బంటులన్నిటికీ కాపలా ఉంటుంది, అందుకే ఈ ప్రశ్న మనకు ఎప్పుడూ తట్టలేదు. సున్నా నంబరు వరుసలో అడిగి చూడండి. ఏ2కు బి1 శకటు ఉంది. బి2కు ఏ1 శకటు, మంత్రి, డి1 గుర్రం. సి2కు ముగ్గురు. డి2కు మంత్రి. ఈ2కు? ఎవరూ లేరు. గుర్రాలు రెండూ దాని పక్కనే, దాని వెనకే ఉన్నాయి, అయినా గుర్రం నడక వల్ల దానికి దక్కవు. ఎఫ్2, జి2, హెచ్2లకు రాజు చుట్టూ బలగం ఉంది. అంటే మీ సైన్యంలో ఒంటరి బంటు ఈ2. ఎదుటివారి సైన్యంలో ఈ7. ఇది తెలిసిపోయాక ఆట సగం తేటపడుతుంది. తెల్లవారి బి3 ఎత్తు ఎందుకు మంచిదో ఇప్పుడు చూడండి. శకటుకు దారి ఇవ్వడమే కాదు, మంత్రి బి2 మీదుగా ఏ3కి వస్తే అక్కడి నుంచి ఏటవాలుగా ఈ7 మీద కన్ను పడుతుంది. నల్లవారు ఇదంతా చూసి ఉంటే ఈ5 బదులు డి8 గుర్రాన్ని సి6కి తెచ్చేవారు. ఈ7కు కాపలా దొరికేది, ఒక పావు బయటికి వచ్చినట్టూ అయ్యేది.

రెండో చూపు శకటుల మీద. అవి ఎటు చూస్తున్నాయి, వాటి ముందున్న ఏ బంటు జరిగితే దారి తెరుచుకుంటుంది? మన వరుసలో రెండు శకటులూ మూలన ఇరుక్కున్నట్టే కనిపిస్తాయి. నిజానికి బి బంటు కదిలితే ఒకటి జి7 వైపు, సి బంటు కదిలితే రెండోది హెచ్7 వైపు చూస్తాయి. రెండూ నల్లరాజు గుమ్మం ముందరి గడులే. అదే సమయంలో నల్ల శకటులు కూడా మీ రాజు వైపే చూస్తున్నాయని మరచిపోకండి. వరుస ఎదురెదురు ప్రతిబింబం కాబట్టి మీకు కనిపించిన ప్రతి అవకాశం ఎదుటివారికీ ఉంది. తెల్లవారికి ఒక ఎత్తు ముందుంటుంది, అంతే తేడా.

గుర్రం మూల గడిలో పడితే దాన్ని బయటికి తేవడానికి అదనంగా ఎత్తులు పడతాయి; దాని సంగతి ముందే అనుకోండి. మంత్రి మూలన పడితే కంగారు వద్దు, అది ఆలస్యంగా వచ్చినా తప్పు లేదు.

ఇక రాజు. క్యాజ్లింగే కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది, కాబట్టి కొంచెం నెమ్మదిగా చదవండి. రాజు, ఏనుగు ఎక్కడ మొదలైనా సరే, క్యాజ్లింగ్ అయ్యాక అవి మామూలు ఆటలో చేరే గడులకే చేరతాయి. తెల్లవారి వైపు నుంచి చూస్తే, కుడి వైపు చేస్తే రాజు జి గడికి, ఏనుగు ఎఫ్ గడికి. ఎడమ వైపు చేస్తే రాజు సి గడికి, ఏనుగు డి గడికి. ఆ రెండూ దాటే గడులు, చేరే గడులు (ఆ రాజు, ఆ ఏనుగు తప్ప) ఖాళీగా ఉండాలి. రాజు ఉన్న గడి మీదా, దాటే గడుల మీదా, చేరే గడి మీదా ఎదుటివారి దాడి ఉండకూడదు. రాజూ ఆ ఏనుగూ అంతకుముందు కదిలి ఉండకూడదు. కొన్ని వరుసల్లో రాజు అసలు కదలదు, ఏనుగు ఒక్కటే ఇటు నుంచి అటు దూకుతుంది. సున్నా నంబరు వరుసలో రాజు ముందే జి1లో ఉంది కదా, కుడి వైపు క్యాజ్లింగ్ అంటే హెచ్1 ఏనుగు ఎఫ్1కి రావడమే. అయితే ఎఫ్1లో ఉన్న ఏనుగు ముందు అక్కడి నుంచి తప్పుకోవాలి. ఫోన్‌లో క్యాజ్లింగ్ చేయాలంటే రాజును పట్టుకెళ్లి మీ ఏనుగు మీదే పెట్టాలి. ఈ ఒక్క ముక్క తెలియక మంచి ఆటలు పాడు చేసుకునేవాళ్లు చాలామంది.

ఎక్కడ ఆడాలి? లీచెస్ అనే వేదికను నేను ముందు చెబుతాను. తిబో డ్యుప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టాడు, విరాళాల మీద నడుస్తుంది. డబ్బు అడగదు, ప్రకటనలు లేవు, మామూలు ఫోన్ బ్రౌజర్‌లోనూ పని చేస్తుంది. చెస్.కామ్‌లోనూ ఈ ఆట ఉంది. మొదటి రోజుల్లో మనుషులతో కాకుండా కంప్యూటర్‌తో, తక్కువ స్థాయిలో, గడియారం లేకుండా ఆడండి. ఎందుకంటే మనుషులతో గడియారం ఆటలో మొదటి ఎత్తుకు మరీ ఆలస్యం చేస్తే ఆట రద్దవుతుంది. మీకు కావలసింది ఆ మొదటి ఎత్తు దగ్గరి ఆలోచనే కదా. చూపు నడపడం అలవాటయ్యాక పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు కలిసే ఆట ఎంచుకోండి. రేటింగ్ లేని ఆటగానే పెట్టుకోండి. బుల్లెట్, బ్లిట్జ్ ఆటల జోలికి ఇప్పుడే పోవద్దు. మూడు నిమిషాల ఆటలో చెయ్యే గెలుస్తుంది, కన్ను నిద్రపోతుంది. నేర్చుకునే వయసులో అది నష్టమే.

కరెంటు పోయినా, డేటా అయిపోయినా బల్ల మీద ఆడవచ్చు. లూడో పాచిక ఒకటి చాలు. మొదట నల్ల గడుల శకటుకు పాచిక వేయండి, ఎడమ నుంచి ఒకటి నుంచి నాలుగు వరకు లెక్క. ఐదో ఆరో పడితే మళ్లీ వేయండి. తెల్ల గడుల శకటుకు అదే పద్ధతి. మిగిలిన ఆరు ఖాళీల్లో మంత్రికి ఒక్క పాచిక. ఆ తరవాత మిగిలిన ఐదు ఖాళీల్లో ఒక గుర్రం, నాలుగింటిలో రెండో గుర్రం. చివరి మూడింటిలో ఏనుగు, రాజు, ఏనుగు. చిన్నపిల్లలకు ఈ పాచిక వేయడమే సంబరం. వాళ్లకు ఆట రాకపోయినా వరుస పేర్చే పని వాళ్లకే ఇవ్వండి.

ఆట అయ్యాక ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్ దగ్గరికి పరుగెత్తవద్దు. ముందు నోటుపుస్తకంలో మీ మాటల్లో రాయండి. వరుస ఏది, నేను ముందుగా చూసింది ఏది, చూడకుండా వదిలేసింది ఏది, ఏ ఎత్తు దగ్గర చెయ్యి కన్నును దాటింది. ఆ తరవాతే ఇంజిన్ తెరిచి సరిచూసుకోండి. ఇంజిన్ చెప్పిన అంకె రాయడం కంటే మీరు తప్పు చూసిన కారణం రాయడం మేలు. కొన్ని వారాలు రాశాక మీ తప్పుల్లో ఒకే రకం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకరికి దూరపు శకటు కనిపించదు, ఇంకొకరికి సొంత రాజు గుర్తురాడు. మీది ఏదో పుస్తకమే చెబుతుంది. ఆడుతుండగా మాత్రం ఇంజిన్ సాయం తీసుకోకండి. ఖాతా పోతుందని మాత్రమే కాదు, మీరు ఈ ఆటకు వచ్చిన పనే చెడిపోతుంది.

మన మూడు ఊళ్లలోనూ గల్ఫ్‌తో ముడిపడిన ఇళ్లు ఎక్కువ. తండ్రి దుబాయిలో క్యాంపులో, బిడ్డ కోరుట్లలో ఇంటర్. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు, ఇక్కడి గడియారం గంటన్నర ముందుంటుంది కాబట్టి డ్యూటీ దిగేసరికి ఇల్లు నిద్రలో ఉంటుంది. అలాంటి ఇళ్లకు లీచెస్‌లోని కరస్పాండెన్స్ ఆట నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఒక్కో ఎత్తుకు ఒకటి నుంచి పద్నాలుగు రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. ఆయన టీ తాగుతూ ఒక ఎత్తు, ఆమె కాలేజీకి పోయే ముందు ఒక ఎత్తు. వరుస ఇద్దరికీ కొత్తదే కాబట్టి ‘నాకు చిన్నప్పుడు వచ్చు, ఇప్పుడు మరిచిపోయిన’ అని తండ్రి వెనక్కి తగ్గే పని లేదు. ‘బాపూ, నీ ఒంటె ఇంకా మూలకే ఉంది సూడు’ అని ఆమె రాస్తుంది. ‘సూసిన బిడ్డా, బంటు జరిపి బయటికి తీస్త’ అని ఆయన. పైసల సంగతి, ఫీజుల సంగతి తప్ప మాట్లాడుకోవడానికి మరొకటి దొరకని ఇళ్లలో ఇలాంటి ముచ్చట ఒకటి ఉండటం చిన్న విషయమని నేననుకోను.

పిల్లల విషయంలో ఒక హెచ్చరిక. డబ్బు పందెం పెట్టి చదరంగం ఆడించే యాప్ ఏదైనా కనిపిస్తే వెంటనే తీసేయండి. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్లతో చాట్ కూడా చిన్నపిల్లలకు వద్దు, సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు.

ఈ ఆట ఆడితే బతుకులో అన్నీ అవే చక్కబడతాయని నేను చెప్పను. బల్ల మీద అలవాటైన చూపు తనంతట తాను బయటికి నడిచి రాదు. దాన్ని పేరు పెట్టి పిలిచి, ఫలానా పనికి రమ్మని చెప్పాలి. అది మనం చేయవలసిన పని, చేయగలిగిన పని కూడా.

సిరిసిల్లనే చూడండి. ఏళ్ల తరబడి సాంచల మీద ఎక్కువగా పాలిస్టర్ గుడ్డ నేసిన ఊరు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్ ఇచ్చింది. చీర అంటే అంచు, కొంగు, రంగుల లెక్క, గడువు లోపల అప్పగింత. మగ్గం అదే, మనుషులు వాళ్లే, ఎదుట పరిచిన వరుస మాత్రం మారిపోయింది. పాత అలవాటుతో మోటారు నొక్కితే కుదరదు. ఏ పరికరం బిగించాలి, ఏ నూలు ఎక్కడ దొరుకుతుంది, ఏ పని ఎవరికి వచ్చు అని మొదటి నుంచి అడుగుతూ రావలసి వచ్చింది. చేసి చూపించారు. తరవాతి ఏళ్లలో ఆర్డర్లు తగ్గినప్పుడు, ఆగినప్పుడు మళ్లీ వరుస మారింది. ఆ కష్టం మాటలతో తీరేది కాదు, దానికి పని, పెట్టుబడి, ప్రభుత్వ అండ కావాలి. నేను చెబుతున్నది అంతకంటే చిన్న ముక్క. కొత్త వరుస ముందు నిలబడ్డవారు అడగవలసిన మొదటి ప్రశ్న ‘నేను ఎట్లా గెలవాలి’ కాదు, ‘ఇక్కడ కాపలా లేనిది ఏది’.

మొదటిసారి గల్ఫ్‌కు పోయే కుర్రాడు ఈ ప్రశ్న అడిగితే జవాబులు గట్టివే వస్తాయి. నా పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఎవరి దగ్గర ఉంది? ఒప్పంద పత్రంలో రాసిన పని, ఏజెంట్ నోటితో చెప్పిన పని ఒకటేనా? జీతం ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి? జగిత్యాల దగ్గరి నాచుపల్లి ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన పిల్లకైతే వేరే జవాబులు: తెలుగు మీడియం నుంచి వచ్చినందుకు ఏ సబ్జెక్టులో వెనకబడతాను, దానికి మొదటి నెలలోనే ఎవరి సాయం అడగాలి? రెండో ప్రశ్న శకటులది. నాకున్న బలం ఏది మూలన ఇరుక్కుని ఉంది, ఏ ఒక్కటి జరిపితే దానికి దారి తెరుచుకుంటుంది? కొందరికి ఆ దారి ఒక అన్నను అడగడమే, కొందరికి ఒక సర్టిఫికెట్, కొందరికి పొద్దున అరగంట ముందు లేవడం. మూడోది రాజుది: ఎంత తొందరలో ఉన్నా దేన్ని దాడిలో పెట్టకూడదు? ఆరోగ్యం కావచ్చు, ఇంటి కాగితం కావచ్చు. ఈ మూడు ప్రశ్నలనూ ఆట నోటుపుస్తకం చివరి పేజీలో రాసి ఉంచండి. కొత్త పనిలో చేరే ముందు రోజు, కొత్త ఊరికి మారే ముందు రోజు ఆ పేజీ తీసి, బల్ల ముందు కూర్చున్నట్టే ఒక్కోదానికీ జవాబు రాయండి. తోచకపోతే ఖాళీగా వదలండి, ఖాళీ ఎక్కడుందో తెలియడం కూడా ఒక జవాబే.

వారానికి మూడు ఆటలు చాలు. మూడింటికీ నోటు రాయాలి. ముప్పై ఆటలు ఆడి ఒక్కటీ రాయని వారం కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిస్తే ఆదివారం ఒక వరుస వేసి, ఆట మొదలుపెట్టక ముందు పది నిమిషాలు అందరూ దాని గురించి మాట్లాడుకోండి. 2024లో జర్మనీలోని వైసెన్‌హౌస్‌లో జరిగిన ఫ్రీస్టైల్ పోటీలో కార్ల్‌సన్, మన గుకేశ్ లాంటి వాళ్లకు కూడా ఇదే వెసులుబాటు ఇచ్చారు. ఆటకు పది నిమిషాల ముందు వరుస చెప్పి, ఒకే రంగు పావులతో ఆడబోయేవాళ్లు గుమిగూడి చర్చించుకోనిచ్చారు. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్లు వేలితో గాలిలో గీతలు గీస్తూ ఒకరినొకరు ప్రశ్నించుకున్నారు. మీ ముంగిట్లో నలుగురు అదే చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ వారానికి వరుస నేనే ఇస్తాను. తెల్ల పావులకు ఎడమ నుంచి గుర్రం, ఏనుగు, రాజు, ఏనుగు, శకటు, శకటు, మంత్రి, గుర్రం. నల్లవి ఎదురుగా అదే వరుసలో. ఒక్కో బంటునూ తాకి కాపలా అడగండి. ఒక్కదానికే కాపలా దొరకదు. తెల్లవారు మొదటి ఎత్తులోనే ఏ బంటును జరిపితే నల్లవారి ఆ ఒంటరి బంటు మీద దాడి పడుతుంది, ఏ పావు నుంచి? నల్లవారు దాన్ని కాచుకోవడానికి కనీసం రెండు దారులు వెతకండి. ఆ తరవాత ఎడమ వైపు క్యాజ్లింగ్ చేయాలంటే ఏ గడి ఖాళీ కావాలో చూసి రాయండి.